తాళం లేని బీరువాలు: హావార్డెన్‌లో గ్లాడ్‌స్టోన్ లైబ్రరీ

చదువుకోవడానికి వెళ్ళి అక్కడే భోంచేసి, అక్కడే పడుకుని, తెల్లారాక మళ్ళీ అదే బల్ల ముందు కూర్చోగలిగే లైబ్రరీ ఒకటుంది, వెళ్దామా అని మాంచెస్టర్‌లో ఉండే మా అమ్మాయి అడిగింది. శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. నా నోట వచ్చిన మొదటి ప్రశ్న, "బీరువాలకు తాళాలుంటాయా?" అని. "లేవమ్మా, ఎవరి పుస్తకం వాళ్ళే తీసుకోవచ్చట" అంది. ఆ ఒక్క మాట మీద బయల్దేరాను. ఉండి, చదువుకుని వచ్చాక ఇది రాస్తున్నాను. ఫలితం ముందే చెప్పేస్తాను: పుస్తకమంటే ప్రాణం పెట్టేవాళ్ళు బ్రిటన్‌లో కాపురమున్నా, చుట్టపుచూపుగా వెళ్ళినా, ఒక్క రాత్రయినా ఇక్కడ బస చేసి తీరాలి.

ఉత్తర వేల్స్‌లో ఇంగ్లండ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది హావార్డెన్. చెస్టర్ నగరం నుంచి ఆరేడు మైళ్ళు. అక్కడివాళ్ళు ఊరి పేరును 'హార్డెన్' అని పలుకుతారు, బస్సులో అడిగేటప్పుడు అలాగే అడగండి. ఈ లైబ్రరీ స్థాపించిన విలియం యూవర్ట్ గ్లాడ్‌స్టోన్ 1809లో లివర్‌పూల్‌లో పుట్టారు. 1839లో క్యాథరిన్ గ్లిన్‌ను పెళ్ళాడాక ఆవిడ పుట్టింటివారి ఎస్టేటు ఉన్న ఈ ఊరే ఆయన సొంత ఊరైంది. 1898లో ఇక్కడే కన్నుమూశారు. మధ్యలో నాలుగుసార్లు బ్రిటన్ ప్రధానమంత్రి: 1868 నుంచి 74, 1880 నుంచి 85, 1886లో కొన్ని నెలలు, మళ్ళీ 1892 నుంచి 94. ఆఖరిసారి ఆ కుర్చీలో కూర్చునే నాటికి ఆయనకు 82 ఏళ్ళు. 1868లో రాణి దగ్గర్నుంచి ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమనే కబురు తంతిగా వచ్చిన సమయానికి ఇదే ఎస్టేటులో గొడ్డలి పట్టుకుని చెట్టు కొడుతున్నారట. "ఐర్లండ్‌ను శాంతింపజేయడమే నా పని" అని, మళ్ళీ గొడ్డలి ఎత్తారని చెబుతారు.

ఆయన విగ్రహాలు బ్రిటన్‌లో చాలా చోట్ల ఉన్నాయి. అవి ఇతరులు పెట్టినవి. తన పేరు మీద ఏం మిగలాలో ఆయన స్వయంగా నిర్ణయించుకుని, స్వయంగా మొదలుపెట్టింది మాత్రం ఈ లైబ్రరీ. బ్రిటన్‌లో ఒక ప్రధాని స్థాపించి, ఆయన సొంత పుస్తకాలతో నడుస్తున్న లైబ్రరీ ఇదొక్కటే.

మొదలైన తీరు ప్రతి లైబ్రేరియన్‌కూ తెలియాలి. 1889లో ఊళ్ళో స్థలం తీసుకుని ఇనుప రేకులతో తాత్కాలికంగా ఒక కట్టడం వేయించారు. తన ఇంట్లో గోడలన్నీ నింపేసిన పుస్తకాల్లోంచి 32,000 సంపుటాలు దానికి ఇచ్చారు. నడపడానికి 40,000 పౌండ్లు విడిగా పెట్టారు. ఇక్కడిదాకా డబ్బున్న మహానుభావులు చాలామంది చేసేదే. కానీ ఆ పుస్తకాలను చేర్చడానికి ఆయన కూలీలను పెట్టలేదు. ఎనభై దాటిన వయసులో, పక్కన కూతురు మేరీనీ ఒక సేవకుడినీ పెట్టుకుని, ఇంటి నుంచి తోపుడు బండి మీద కొండవాలు దారిలో చేరవేశారు. తన చేత్తో కట్టలు విప్పి తన చేత్తో అరల్లో సర్దారు. పుస్తకం తడిమితే అట్ట బరువెంత, వెన్ను ఎక్కడ వదులైంది అని చేతికి తెలిసిన మనిషి అన్నమాట. నా ఉద్యోగంలో దాతలను చాలామందిని చూశాను. పుస్తకాలు ఇచ్చినవాళ్ళున్నారు, బీరువా ఇచ్చి దాని మీద పేరు రాయించుకున్నవాళ్ళున్నారు. పుస్తకాలిచ్చి, దుమ్ము దులిపి, అరలో పెట్టి వెళ్ళిన దాతను చూడలేదు.

ఎందుకిదంతా అంటే, చదివేవాళ్ళు లేని పుస్తకాలనూ పుస్తకాలు లేని చదువరులనూ ఒక్కచోట చేర్చాలని నాన్న తరచూ అనుకునేవారని మేరీ తర్వాత చెప్పింది. ఈ మాట చదవగానే, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారు నాకు గుర్తొచ్చారు. 1931లో ఆయన చెప్పిన అయిదు సూత్రాల్లో మొదటి మూడూ ఇవే కదా: పుస్తకాలు వాడుకోడానికే, ప్రతి చదువరికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన చదువరి. మద్రాసులో కూర్చున్న లెక్కల మేష్టారూ హావార్డెన్‌లో కూర్చున్న ముసలి ప్రధానీ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు. అందుకని ఈ సమీక్షకు నేను పెట్టుకున్న కొలమానం కూడా అదే: ఇక్కడి పుస్తకం చదువరి చేతికి ఎంత సులువుగా వస్తోంది?

చాలా సులువుగా వస్తోంది. ఇక వివరాలు.

ఇప్పుడున్న ఎర్రరాతి భవనం గ్లాడ్‌స్టోన్ చూడలేదు. ఆయన పోయాక జాతీయ స్మారకంగా చందాలెత్తి కట్టారు. చెస్టర్‌కు చెందిన జాన్ డగ్లస్ గీసిన నమూనా. 1902 అక్టోబరులో లైబ్రరీ భాగం తెరిచారు, బస గదులున్న భాగం 1906లో. చాలాకాలం సెయింట్ డైనియోల్స్ లైబ్రరీ అనే పేరుతో నడిచి, 2010లో గ్లాడ్‌స్టోన్ లైబ్రరీ అయింది. బయటి నుంచి చూస్తే పాతకాలపు కాలేజీలా ఉంటుంది, అంతకు మించి చెప్పాల్సింది లేదు. లోపల పఠన మందిరం తలుపు తోసినప్పుడు మాత్రం నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. రెండంతస్తుల ఎత్తు. కింద నుంచి పై కప్పు దాకా అంతా చెక్క పనే. పై అంతస్తు చుట్టూ వసారా, దానికి చెక్కిన స్తంభాలు, పైకి వెళ్ళడానికి మెలికల మెట్లు. అరల మధ్య బల్లలు, ప్రతి బల్ల మీదా దీపం. పాత తోలు అట్టల వాసన. దీన్ని చరిత్ర గది అంటారు, పక్కనే దీనికి జంటగా దైవశాస్త్ర గది. రెండిట్లోనూ మాట్లాడకూడదు. ఈ నియమాన్ని పాటించమని ఎవరూ గోడల మీద అరుస్తూ రాయలేదు. అడుగు పెడితే గొంతు దానంతట అదే తగ్గిపోతుంది.

అరల అమరికను గురించి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఈ మనిషి అసలు విద్య అక్కడ కనబడుతుంది. పుస్తకాలను ఇళ్ళలో ఎలా అమర్చుకోవాలన్న విషయం మీద గ్లాడ్‌స్టోన్ 1890లో ఒక వ్యాసమే రాశారు. పుస్తకాల అరలను గోడకు ఆనించి వరసగా పెట్టకూడదు, కిటికీకీ కిటికీకీ మధ్య గోడ నుంచి గదిలోకి అడ్డంగా పొడుచుకొచ్చేలా కట్టాలంటారు. దాంతో రెండు వైపులా పుస్తకాలు పడతాయి, ప్రతి రెండు అరల మధ్యా వెలుతురున్న చిన్న గదిలాంటి చోటు ఏర్పడుతుంది, అందులో ఒక బల్ల, ఒక మనిషి. ఎత్తు కూడా పెద్ద నిచ్చెన అక్కర్లేనంత ఉండాలి. స్థలం చాలని చోట, అరలను ఒకదానికొకటి ఆనించి పేర్చి, కావలసినప్పుడు బయటికి లాగే ఏర్పాటును కూడా ఆయన ఊహించారు. ఇవాళ పెద్ద లైబ్రరీల్లో చక్రాల మీద జరిగే ఇనుప అరలకు అది తాతలాంటి ఆలోచన. ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీ వాళ్ళు నేల కింద ఉన్న తమ పుస్తకశాలను చదువరులకు తెరిచినప్పుడు 'గ్లాడ్‌స్టోన్ లింక్' అని పేరు పెట్టడానికి కారణం ఇదే. బడ్జెట్ లెక్కలు చెప్పే ఆర్థికమంత్రిగా పేరు మోసిన మనిషి, అంగుళం చోటు వృథా పోకుండా పుస్తకాలు పెట్టడం గురించి అదే శ్రద్ధతో లెక్క వేశారు. నాకు ఆయన చట్టాలకంటే ఈ లెక్కే దగ్గరగా అనిపించింది.

వర్గీకరణ కూడా ఆయనదే. లైబ్రరీల్లో మామూలుగా అంకెలతో పుస్తకాలు సర్దే డ్యూయీ పద్ధతి కాదు, రంగనాథన్ గారి కోలన్ పద్ధతీ కాదు. ఆయన వేసుకున్న విభాగాల ప్రకారమే ఇప్పటికీ పుస్తకాలు అరల్లో ఉన్నాయి. ఇప్పుడు లక్షన్నర దాకా పుస్తకాలూ పత్రికలూ చేరినా ఆ పునాదిని మార్చలేదు. డ్యూయీ అంకెలకు అలవాటు పడ్డ కంటికి మొదట దారి దొరకదు. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి ఒక కాగితం మీద గది పటం గీసి, ఏ వర్గం ఎక్కడ మొదలవుతుందో చూపించింది. కంప్యూటర్ జాబితాలో వెతికి, గుర్తు రాసుకుని, వెళ్ళి తీసుకోవడమే. బహుశా గ్లాడ్‌స్టోన్ మనసులో ఏ విషయం పక్కన ఏ విషయం ఉండేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. దైవశాస్త్రం, చరిత్ర, గ్రీకు కావ్యాలు, ఐర్లండ్ భూమి కౌళ్ళు: ఇవన్నీ ఆయనకు ఒకే బల్ల మీద ఉండే విషయాలు.

పుస్తకం తీసుకోవడానికి మధ్యవర్తి లేడని చెప్పాను కదా. చదువరిగా నమోదు చేసుకోవడానికి గుర్తింపు పత్రం, చిరునామా రుజువు కావాలి, వెళ్ళేముందు ఆ నియమాలు చూసుకుని పట్టుకెళ్ళండి. మరీ అరుదైనవి మాత్రం వేరే గదిలో ఉంటాయి, సిబ్బందిని అడిగితే తెచ్చిపెడతారు. మిగతావి మన చేత్తో తీసి, మన బల్ల మీద పెట్టుకుని చదువుకోవచ్చు. ఊరికే చూసిపోదామని వచ్చే యాత్రికులను రోజులో కొన్ని నిర్ణీత వేళల్లో కాసేపు లోపలికి పంపి, మళ్ళీ తలుపు వేస్తారు. చదువుకునేవాళ్ళకు అంతరాయం ఉండకూడదన్న ఈ పట్టింపు నాకు బాగా నచ్చింది. బస చేసేవాళ్ళకు ఇంకో అదృష్టం ఉంది. బయటివాళ్ళు సాయంత్రం వెళ్ళిపోయాక కూడా పఠన మందిరంలో కూర్చోవచ్చు. మా ఇద్దరి దీపాలు, పై వసారాలో ఎవరో పెద్దాయన దీపం, అంతే వెలిగాయి ఆ పూట. మా అమ్మాయి తన ఆఫీసు పని తెచ్చుకుని కూడా, దాన్ని మూసేసి, విక్టోరియా కాలపు నవల ఒకటి పట్టుకుని కూర్చుంది.

నాకు దొరికిన నిధి గ్రీకు మహాకవి హోమర్ మీద ఒక పాత పుస్తకం. గ్లాడ్‌స్టోన్‌కు హోమర్ అంటే పిచ్చి. 1858లో హోమర్ మీద మూడు సంపుటాల గ్రంథం రాశారు, అదీ పార్లమెంటులో పని చేస్తూనే. ఆయన చదివిన పుస్తకాల్లో అంచుల వెంట పెన్సిల్ గుర్తులుంటాయి. గుర్తుంచుకోవలసిన చోట నిలువు గీత, ఒప్పుకున్న చోట ఒక గుర్తు, సందేహమొచ్చిన చోట ఇటాలియన్‌లో 'మా' అని రాసేవారు, 'కానీ' అని దాని అర్థం. పుస్తకం చివరి ఖాళీ పేజీలో తనకు పనికొచ్చే పుటల పట్టిక వేసుకునేవారు. జీవితకాలంలో ఇరవై వేలకు పైగా పుస్తకాలు చదివారని, ఏ రోజు ఏది చదివారో దినచర్యలో రాసి పెట్టారని చరిత్రకారులు చెబుతారు. నేను తెరిచిన పుస్తకంలో ఆ సన్నటి గీతలు ఉన్నాయి. మా లైబ్రరీలో పుస్తకం మీద గీతలు గీసినవాళ్ళను నేను కోప్పడేదాన్ని, ఇప్పుడూ కోప్పడతాను, అది అందరి పుస్తకం కాబట్టి. ఇది సొంత పుస్తకం. సొంతదాన్ని ఇంతగా చదివి, తన ఆలోచనల జాడతో సహా అందరికీ ఇచ్చేశారు.

ఇక మన వాళ్ళకు ప్రత్యేకంగా ఆసక్తి ఉండే అర గురించి. భారతదేశం మీద పుస్తకాలు వెతుక్కుంటూ పోయాను. 1878లో వైస్రాయ్ లిట్టన్ దేశభాషల పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చినప్పుడు, ప్రతిపక్షంలో ఉన్న గ్లాడ్‌స్టోన్ పార్లమెంటులో దాన్ని గట్టిగా ఎదిరించారు. మరుసటి ఏడు చలికాలంలో స్కాట్లండ్‌లో మిడ్‌లోథియన్ నియోజకవర్గం చుట్టూ తిరిగి ఊరూరా పెట్టిన ఎన్నికల సభల్లో, అఫ్గాన్ కొండ పల్లెల్లో మంచు మధ్య బతికే మనిషి ప్రాణం దేవుడి దృష్టిలో మీ ప్రాణమంత పవిత్రమైనదే అని ఆడవాళ్ళతో నిండిన ఒక సభకు చెప్పారు. ఒక పెద్ద నాయకుడు దేశవ్యాప్తంగా ఓటర్లను ఉద్దేశించి ఊళ్ళు తిరుగుతూ ప్రచారం చేయడం అప్పటికి కొత్త. గెలిచి ప్రధాని అయ్యాక రిపన్‌ను వైస్రాయ్‌గా పంపారు. లిట్టన్ పత్రికల చట్టం రిపన్ హయాంలోనే పోయింది, 1882లో స్థానిక స్వపరిపాలనకు తీర్మానం వచ్చిందీ ఆయన హయాంలోనే. గ్లాడ్‌స్టోన్ నాలుగోసారి గెలిచిన 1892 ఎన్నికల్లోనే దాదాభాయి నౌరోజీ గ్లాడ్‌స్టోన్ లిబరల్ పార్టీ అభ్యర్థిగానే లండన్‌లోని సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి పార్లమెంటుకు వెళ్ళారు. ఆ పక్క అరలోనే ఇంకో వైపు కూడా కనబడుతుంది. 1882లో అలెగ్జాండ్రియా మీద బ్రిటిష్ యుద్ధనౌకలు ఫిరంగి గుండ్లు కురిపించి ఈజిప్టును ఆక్రమించింది కూడా ఈయన ప్రధానిగా ఉన్నప్పుడే. అఫ్గాన్ పల్లె గురించి అన్న మాట నాకు ఎంత నచ్చిందో, ఈ సంగతి అంత బాధ పెట్టింది.

అన్నిటికంటే ఎక్కువసేపు నన్ను కూర్చోబెట్టినవి కరీబియన్ చరిత్ర పుస్తకాలు. గ్లాడ్‌స్టోన్ తండ్రి జాన్ గ్లాడ్‌స్టోన్ లివర్‌పూల్ వర్తకుడు. డెమెరారాలోనూ (ఇప్పటి గయానాలోది), జమైకాలోనూ ఆయనకు చెరకు తోటలుండేవి. తోటలంటే వాటిలో పనిచేసే బానిసలతో సహా. 1823లో డెమెరారాలో పెద్ద బానిస తిరుగుబాటు లేచింది ఆయన తోట 'సక్సెస్' నుంచే. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం వచ్చినప్పుడు పరిహారం ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. జాన్ గ్లాడ్‌స్టోన్ పేర రెండున్నర వేల మందికి పైగా మనుషులకు లెక్కగట్టి లక్ష పౌండ్లకు పైగా ముట్టింది. ఆ ఏడే పార్లమెంటులో కొత్తగా అడుగుపెట్టిన కొడుకు, మన విలియం, తన తొలి ముఖ్య ప్రసంగంలో తండ్రి తోటల నిర్వహణను వెనకేసుకొచ్చాడు.

కథ అంతటితో ఆగలేదు. బానిసలు విడుదలైపోతే తోటల్లో పని ఎవరు చేస్తారు? 1836లో జాన్ గ్లాడ్‌స్టోన్ కలకత్తాలోని ఒక వర్తక సంస్థకు ఉత్తరం రాశాడు, కూలీలను పంపగలరా అని. 1838 జనవరిలో 'విట్బీ', 'హెస్పరస్' అనే రెండు ఓడలు కలకత్తా నుంచి బయల్దేరాయి. ఆ ఏడు మే 5న సుమారు 400 మంది మన దేశస్థులు డెమెరారాలో దిగారు. చరిత్రలో వాళ్ళకు మిగిలిన పేరు 'గ్లాడ్‌స్టోన్ కూలీలు'. అయిదేళ్ళ ఒప్పందం. కొరడా దెబ్బల సంగతి, చావుల సంగతి బయటికి పొక్కాక 1839లో ఈ రవాణా ఆపారు. 1845లో మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత మద్రాసు నుంచి వెళ్ళిన ఓడల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. గయానాలో ఇప్పటికీ మే 5ను భారతీయులు వచ్చిన రోజుగా జరుపుకుంటారు.

ఇది చదివాక ఆ అందమైన చెక్క వసారా కేసి మళ్ళీ చూశాను. విలియం గ్లాడ్‌స్టోన్ తర్వాతి జీవితంలో చాలా మారారు, బానిసత్వాన్ని ఘోరమైన పాపంగానే చెప్పారు. కానీ ఈటన్ చదువు, ఆక్స్‌ఫర్డ్ చదువు, పాతికేళ్ళు నిండకముందే పార్లమెంటు, వేలకొద్దీ పుస్తకాలు కొనే స్తోమత, వీటి వెనక తండ్రి ఆస్తి ఉంది. ఆ ఆస్తి వెనక తోటలున్నాయి. 2023 ఆగస్టులో ఆయన వంశస్థులు గయానాకు వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయంలో జనం ముందు క్షమాపణ చెప్పి వచ్చారు. నాకు తృప్తినిచ్చిన సంగతి ఒకటే. ఆ కుటుంబం చేసిన పనిని చెప్పే పుస్తకాలు ఆ కుటుంబం పేరున్న ఇంట్లోనే, తాళం లేని అరలో ఉన్నాయి. నాలాంటి ఏ అనామకురాలైనా తీసి చదవచ్చు. ఒక మనిషిని స్మరించుకునే చోటు ఇలా ఉండాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. రాజుల కోటల్లో, నాయకుల ఇళ్ళలో వాడిన చెంచాలూ కుర్చీలూ తాళ్ళ వెనక పెట్టి చూపిస్తారు. వాటిని చూసి ఆయన గొప్పవాడని అనుకుని వచ్చేస్తాం. ఇక్కడ ఆయనతో వాదించడానికి కావలసిన సరంజామా అంతా ఆయనే కొని పెట్టినట్టుంది.

ఐర్లండ్ గురించి రెండు మాటలు. ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇవ్వాలని 1886లో ఒకసారి, 1893లో ఇంకోసారి బిల్లు పెట్టి రెండుసార్లూ ఓడిపోయారు. మొదటిసారి సొంత పార్టీయే చీలింది, రెండోసారి ప్రభువుల సభ కొట్టేసింది. లైబ్రరీ ముందున్న ఆయన పెద్ద విగ్రహం ఆ కథలోదే. నిజానికి దాన్ని డబ్లిన్‌లో పెట్టడానికి చేయించారు. డబ్లిన్ వాళ్ళు వద్దన్నారు. చివరికి 1925లో ఈ ఊరు చేరింది. లోపలికి వెళ్ళే హడావుడిలో దాటిపోకుండా ఆగి చూడండి.

బస సంగతి. మొత్తం ఇరవై ఆరు గదులు. చిన్నవే, శుభ్రంగా ఉన్నాయి. మంచం, రాసుకోడానికి బల్ల, మెత్తని దుప్పట్లు. టీవీ లేదు. టీవీ లేకపోతే తోచని వాళ్ళు చెస్టర్‌లో హోటల్ చూసుకోవడం మంచిది. కింద 'గ్లాడ్‌స్టోన్ రూమ్' అనే కూర్చునే గది ఉంది, నిప్పుగూడు, లోతైన సోఫాలు, వాటి చుట్టూ కూడా పుస్తకాలే. పఠన మందిరంలో అణుచుకున్న మాటలన్నీ జనం ఇక్కడికి వచ్చి మాట్లాడుకుంటారు. ఐరిష్ మఠాల చరిత్ర రాస్తున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలితో నాకు ఇక్కడే స్నేహం కలిసింది. నేను కూలీల ఓడల గురించి చెబితే ఆవిడ పెన్ను తీసి రాసుకుంది.

భోజనశాల పేరు 'ఫుడ్ ఫర్ థాట్'. సూపు, రొట్టె, స్కోన్లు, టీ బాగున్నాయి. శాకాహారులకు ఇబ్బంది లేదు. కారం కోరుకునే నాలుకకు మాత్రం చప్పగా ఉంటుంది, మా అమ్మాయి సంచిలోని పచ్చడి సీసా మా గదిలోనే ఉండిపోయింది, బల్ల దగ్గరికి తెచ్చుకోవడం బాగుండదని. ఏకాంతంగా వచ్చినవాళ్ళు ఇక్కడ ఒంటరిగా కనబడరు. పుస్తకం ఆనించుకుని తినేవాళ్ళే ఎక్కువ.

ఖర్చు తక్కువేం కాదు. గది అద్దె మామూలు మంచి హోటల్ స్థాయిలో ఉంటుంది. విద్యార్థులకూ మతాచార్యులకూ రాయితీలున్నాయి, రచయితలకూ పరిశోధకులకూ ఉపకార వేతనాలు ఇచ్చి కొన్నాళ్ళు ఉంచుకునే పథకాలున్నాయి. ఇది ప్రభుత్వ లైబ్రరీ కాదు, ట్రస్టు. గదుల అద్దె, భోజనశాల రాబడి, విరాళాలు కలిస్తేనే నడుస్తుంది. కాబట్టి ఆ డబ్బు పుస్తకాలకే పోతుందన్న ధైర్యంతో నేను సంతోషంగా ఇచ్చాను. ఉండలేని వాళ్ళు పగటి పూట చదువరిగా వచ్చి వెళ్ళవచ్చు, దానికి గది తీసుకోనక్కర్లేదు.

వీలుంటే పక్కనే ఉన్న సెయింట్ డైనియోల్ చర్చిలోకి వెళ్ళిరండి. చిత్రకారుడు బర్న్-జోన్స్ రూపొందించిన రంగు గాజు కిటికీలు, గ్లాడ్‌స్టోన్ దంపతుల పాలరాతి బొమ్మలు ఉన్నాయి. ఆయన సమాధి మాత్రం ఇక్కడ కాదు, లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబే చర్చిలో. ఆయన ఉన్న హావార్డెన్ కాసిల్ ఇప్పటికీ ఆ కుటుంబం నివాసమే, లోపలికి పోవడానికి లేదు.

రైలులో వచ్చేవాళ్ళకు రెక్స్‌హామ్, బిడ్‌స్టన్ మధ్య నడిచే లైనులో హావార్డెన్ స్టేషన్ ఉంది, అక్కడి నుంచి నడవాలి. చెస్టర్ దాకా పెద్ద రైలులో వచ్చి బస్సెక్కడం పెద్దవాళ్ళకు సులువు. శని, ఆదివారాలకు గదులు త్వరగా అయిపోతాయి, అందుకని మధ్య వారంలో చూసుకోండి. ఏం చదవాలో ఒక చిన్న జాబితా ముందే రాసుకుని వెళ్ళండి, జాబితా లేకపోతే మొదటి పూట అంతా అరల మధ్య తిరగడానికే సరిపోతుంది. పిల్లలను పఠన మందిరంలో కూర్చోబెట్టడం కష్టం, కాస్త పెద్దయ్యాక తీసుకెళ్ళండి. చరిత్ర, సాహిత్యం, మతం, రాజకీయం చదివే కాలేజీ పిల్లలుంటే వాళ్ళను తప్పకుండా పంపండి. గయానా తోటల అర ఎక్కడుందో కౌంటర్‌లో అడగమనండి, చూపిస్తారు.